గీత బయటి నుంచి గోల్ కొట్టించే తల్లిదండ్రులకు చిట్కాలు

ఆదివారం పొద్దున్న ఆరున్నరకి మీ అబ్బాయిని అండర్-10 మ్యాచ్‌కి తీసుకెళ్తున్నారంటే మీ వంతు ఆట మీరు సగం ఆడేసినట్టే. పిల్లలకి ఫుట్‌బాల్ కోచ్ నేర్పుతాడు. ధైర్యం, పట్టుదల, ఆత్మవిశ్వాసం మాత్రం మైదానం గీతకి ఇవతల నిలబడి మనమే నేర్పాలి. కొంపల్లి నుంచి గచ్చిబౌలి దాకా ఏ టర్ఫ్ దగ్గర చూసినా మనవాళ్లు ఈ పని శక్తివంచన లేకుండా చేస్తూనే ఉన్నారు. కాకపోతే ఎవరికి తోచినట్టు వాళ్లు చేస్తున్నారు. దానికో పద్ధతి ఉంటే ఫలితం ఇంకా త్వరగా కనిపిస్తుంది.

ముందు బూట్లు కొనండి. బంతి సంగతి తర్వాత చూడొచ్చు. ఈ స్టడ్స్ మట్టికా, టర్ఫ్‌కా అని షాపులో కుర్రాడు ఏదో అడుగుతాడు, పట్టించుకోకండి. ధర బాగా ఎక్కువగా ఉండాలి, అది ముఖ్యం. తొమ్మిది వేలు పెట్టాక, వాడి కాలు నుంచి బంతి పక్కకి పోయిన ప్రతిసారీ ఆ తొమ్మిది వేలు గుర్తుచేసే హక్కు మీకు దానంతటదే వస్తుంది. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన ఫుట్‌బాల్ ఆటగాడు తులసీదాస్ బలరామ్ కుర్రతనంలో పాత పోలీసు బూట్ల తోలుతో బూట్లు కుట్టించుకున్నాడట. ఆ తర్వాత 1956లో మెల్‌బోర్న్, 1960లో రోమ్ ఒలింపిక్స్ ఆడాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టులోనూ ఉన్నాడు. ఇలాంటివి పిల్లాడి చెవిన పడనివ్వకండి. బూట్ల మీద గౌరవం పోతుంది.

ఇక మ్యాచ్. పిల్లాడి కాళ్ల దగ్గరికి బంతి వచ్చిందనుకుందాం. ఎడమ పక్కన, గీతకి రెండు గజాల దూరంలో ఉన్నాడు. ఎదురుగా వాడికంటే జానెడు పొడుగున్న డిఫెండర్. లోపలి వైపు వాడి స్నేహితుడొకడు చెయ్యెత్తి అడుగుతున్నాడు. పిల్లాడి బుర్రలో సొంత ఆలోచన మొలకెత్తే ప్రమాదం ఉన్న క్షణం ఇదే. ఆలస్యం చేయకండి. ‘కొట్టరా!’ అని మీరు అరవాలి. ‘పాసివ్వు నాన్నా, పాసివ్వు!’ అని వాళ్లమ్మ. ‘హోల్డ్! హోల్డ్!’ అని కోచ్. ‘మెల్లిగారా, పడతావు’ అని తాతయ్య. నాలుగింట్లో ఏదో ఒకటి సరైనదై తీరుతుంది కదా. వాడు బంతి మీంచి తలెత్తి మీకేసి చూస్తాడు. చూశాడంటే మీ శిక్షణకి పట్టు దొరికినట్టే. ఆ చూపు తిప్పేలోపు పొడుగు పిల్లాడు బంతి తన్నుకుపోతాడు, అది వేరే సంగతి. దానికి ‘బంతి మీద దృష్టి పెట్టరా!’ అని అరిస్తే సరిపోతుంది.

కొన్నాళ్లకి మంచి మార్పు కనిపిస్తుంది. బంతి తనవైపు వస్తుంటేనే పిల్లాడు మీ మొహం చూస్తాడు. ఇంకొన్నాళ్లకి బంతి రాని చోటు వెతుక్కుని నిలబడతాడు. దాన్నే పొజిషనింగ్ అంటారు.

అమెరికాలో కొన్ని పిల్లల లీగులు సీజన్‌లో ఒక శనివారం పెద్దవాళ్లు నోరు మెదపకూడదని నియమం పెడతాయి. చప్పట్లు మాత్రం కొట్టొచ్చు. కొన్నిచోట్ల నోటికి పని ఉండాలని తల్లిదండ్రులకి లాలీపాప్‌లు కూడా పంచుతారు. ఇంగ్లండ్‌లోనూ ఇలాంటి మౌనవ్రతం వారాంతాలున్నాయి. ఆ రోజు పిల్లలేం చేస్తారంటారా? ‘ఇటు, ఇటు’ అని ఒకళ్లనొకళ్లు పిలుచుకుంటూ, వాళ్లలో వాళ్లే సర్దుకుంటూ ఆడేస్తారు. అంటే మనతో పని లేదన్నట్టు! డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్న మన తెలుగువాళ్లు ఈ అవమానం ఎలా భరిస్తున్నారో. అంత ఖర్చు పెట్టి, ఎండలో మడత కుర్చీ మోసుకెళ్లింది లాలీపాప్ చీకడానికా?

రిఫరీని కూడా వదలొద్దు. అండర్-10 మ్యాచ్‌కి సాధారణంగా డిగ్రీ చదివే కుర్రాడో, పాత ఆటగాడో మ్యాచ్‌కింత అని తీసుకుని ఈల ఊదుతుంటాడు. త్రో-ఇన్ అటు ఇచ్చినా ఇటు ఇచ్చినా అతని కళ్లజోడు గురించి ఒక మాట అనండి. ఓటమికి కారణం ఎప్పుడూ ఇంకొకరే అన్న భరోసా పిల్లాడికి చిన్నప్పుడే దొరకాలి.

ప్రోత్సాహకాల దగ్గర చాలామంది పిసినారితనం చూపిస్తారు. గోల్‌కి ఐదొందలని ముందే ఒప్పందం చేసుకోండి. ఫలితం మొదటి మ్యాచ్‌లోనే తెలుస్తుంది. ఖాళీ గోల్ ముందు నిలబడ్డ స్నేహితుడి కాళ్లలోంచి మీవాడు బంతి లాక్కుని తనే కొడతాడు. అది పోస్ట్‌కి తగిలి బయటికి పోయినా బాధపడొద్దు, వ్యాపార దక్షత కనిపించింది కదా. పాస్‌కి ఎంత, అడ్డుకున్నందుకు ఎంత అని వాడు బేరం పెడితే ససేమిరా అనండి. మొదట్లో ‘బాగా ఆడానా నాన్నా?’ అని అడిగే పిల్లాడు నెల తిరక్కుండా ‘ఎంతయింది నాన్నా?’ అంటాడు. లెక్కలు కూడా కలిసొస్తున్నాయని వాళ్ల టీచర్‌కి చెప్పుకోవచ్చు.

గోల్‌కీపర్‌కి ఈ పథకం వర్తించదు. అసలు గోల్‌కీపర్ అన్నది శిక్ష. లావుగా ఉన్నవాడు, పరిగెత్తనివాడు, నిన్న తప్పు చేసినవాడు, వీళ్లలో ఎవరో ఒకరిని అక్కడ నిలబెట్టాలి. గోల్ పడగానే పది మంది వెనక్కి తిరిగి వాడికేసి చూడాలి. బంతి ఆ పది మందినీ దాటుకునే వచ్చిందన్న సంగతి ఎవరూ ఎత్తకూడదు. హైదరాబాద్‌లో పుట్టిన పీటర్ తంగరాజ్ సెంటర్ ఫార్వర్డ్‌గా మొదలుపెట్టి, సైన్యంలో చేరాక గోల్‌కీపర్‌గా మారి, ఆసియాలోనే మేటి అనిపించుకున్నాడు. 1963లో యూరప్ ఉత్తమ ఆటగాడి బహుమతి బాలన్ డి’ఓర్ కూడా లెవ్ యాషిన్ అనే రష్యన్ గోల్‌కీపర్‌కే వెళ్లింది. ఇవి తెలిస్తే శిక్ష వేసిన పిల్లాడు అక్కడ సరదా పడతాడు. ఇంక శిక్షకేం విలువ ఉంటుంది?

పొగడ్త విషయంలో నాకో స్పష్టమైన అభిప్రాయం ఉంది. పిల్లాడు గెలిస్తే ‘నువ్వు పుట్టుకతోనే స్టార్‌వి’ అనాలి. ఓడితే ఏమీ అనకూడదు, మొహం మాత్రం అలా పెట్టుకుని ఉండాలి. ముల్లర్, డ్వెక్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకురాళ్లు 1998లో అయిదో తరగతి పిల్లల మీద చేసిన పరిశోధన ఒకటి అచ్చువేశారు. ‘నువ్వు తెలివైనవాడివి’ అనిపించుకున్న పిల్లల్లో ఎక్కువమంది ఆ తర్వాత తేలిక ప్రశ్నలే ఎంచుకున్నారట. ఒకసారి జవాబులు తప్పాక వాళ్ల పని ఇంకా దిగజారిందట. ‘బాగా కష్టపడ్డావు’ అనిపించుకున్నవాళ్లేమో కష్టమైనవి కావాలన్నారట. ఇందులో మనకి పనికొచ్చే పాయింటు మొదటిదే. తేలికవి ఎంచుకునే పిల్లాడు ఓడిపోడు. ఓడిపోకపోతే మనకి తలవంపులుండవు. బలమైన జట్టుతో మ్యాచ్ ఉన్న రోజు మీవాడికి కడుపునొప్పి వస్తే అది పుట్టుకతో వచ్చిన తెలివే.

రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబెట్టి ‘నేనే నంబర్ వన్’ అని పదకొండుసార్లు అనిపించడం కూడా అవసరం. సింహం బొమ్మతో ఉన్న వీడియో ఒకటి ఫ్యామిలీ గ్రూపులో వేసి, వాడికి చూపించి, అర్థమైందా అని అడగండి. ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో దీనికి పూర్తిగా అడ్డం తిరిగాడు. మనిషికి తన మీద తనకి నమ్మకం పుట్టే దారులు నాలుగట. తను స్వయంగా చేసి సాధించడం అన్నింటిలోకీ బలమైందట. తనలాంటివాళ్లు చేస్తుంటే చూడడం ఇంకోటి. పక్కవాళ్లు చెప్పే మాటల బలం వాటికంటే తక్కువట. పాపం, అప్పటికి వాట్సాప్ లేదు. ఉండి ఉంటే ఎడమ కాలితో వందసార్లు గోడకి బంతి కొట్టుకునే పిల్లాడికీ, వంద సింహాల వీడియోలు చూసిన పిల్లాడికీ తేడా ఆయనకే తెలిసేది.

ఎడమ కాలంటే గుర్తొచ్చింది. దాన్ని దాచి ఉంచాలి. తప్పు చేస్తూ కనబడడం కంటే పెద్ద తప్పు లేదు కాబట్టి, రాని కాలితో పిల్లాడు బంతి ముట్టుకోకుండా కాపాడండి. సయ్యద్ అబ్దుల్ రహీమ్ అని మన హైదరాబాద్‌లో ఒక మాస్టారుండేవారు. బడిపంతులు. 1950 నుంచి 1963లో కన్ను మూసేదాకా హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకి కోచ్. భారత జట్టుకి 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణం ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే వచ్చింది. 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానమూ అంతే. ఈయన ఏం చేసేవారో తెలుసా? బలహీనమైన కాలితోనే ఆడాలని టోర్నమెంట్లు పెట్టేవారు. డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి రాగానే ఇచ్చేయాలని ఇంకో రకం టోర్నమెంట్లు. అందరూ తడబడే ఆట! ఒక్కడు తడబడితే సిగ్గు గానీ, మైదానం నిండా తడబడుతుంటే సిగ్గెక్కడిది? పిల్లల్లో ఉండాల్సిన ఆ కాస్త భయాన్నీ ఆయన అలా ఊడగొట్టేవారు. పైగా బలరామ్‌కి అమ్ముగూడ నుంచి రోజూ వచ్చే స్తోమత లేకపోతే సైకిల్ అద్దెకి తన జేబులోంచి ఇచ్చేవారట. ఫీజు తీసుకోకపోగా ఎదురు డబ్బులిచ్చే కోచ్‌ని మన అకాడమీల్లో ఊహించగలరా? సినిమా తీశారు కాబట్టి పేరు తెలిసిపోయింది గానీ, లేకపోతే ఈయన్ని పిల్లల దగ్గర తేలిగ్గా దాచేసేవాళ్లం.

అకాడమీ ఎంచుకునేటప్పుడు పదకొండు మంది జట్టు, పెద్ద మైదానం ఉన్నదే చూడండి. అయిదుగురేసి ఆడే చిన్న మైదానాల్లో ప్రతి పిల్లాడికీ పదే పదే బంతి దొరికిపోతుంది. దొరికిన కొద్దీ వాడికి చనువు పెరుగుతుంది. పెద్ద మైదానంలో అయితే తొమ్మిదేళ్ల పిల్లాడు బంతి కోసం ఆట సాంతం ఎదురుచూడొచ్చు, ఓర్పు అలవడుతుంది. మన జాతీయ సమాఖ్య గోల్డెన్ బేబీ లీగ్స్ అని చిన్న జట్లతో ఆడించమంది. నాలుగుసార్లు ప్రపంచకప్ గెలిచిన జర్మనీ అయితే 2024-25 సీజన్ నుంచి చిన్నపిల్లల ఆటలో పాయింట్ల పట్టికలే తీసేసింది. పట్టిక లేకపోతే అపార్ట్‌మెంట్ లిఫ్టులో మనం ఏం మాట్లాడుకోవాలి?

అసలు కోచింగ్ కారు తలుపు మూశాక మొదలవుతుంది. ఆట అయ్యాక పిల్లాడికి దాహం, ఆకలి తప్ప ఏమీ గుర్తుండవు. వదిలేస్తే పావుగంటలో స్కోరు కూడా మరిచిపోతాడు. అందుకని సీటు బెల్టు పెట్టించి, ఏసీ వేసి, అద్దంలో వాడి మొహం కనిపించేలా సర్దుకుని మొదలుపెట్టండి. ‘నీకేం చెప్పి పంపాను?’ దీనికి జవాబుండదు, కాబట్టి ఇది చాలా మంచి ప్రశ్న. వాడు కిటికీలోంచి బయటికి చూస్తాడు. ‘నేను మాట్లాడుతుంటే ఎక్కడ చూస్తున్నావు?’ ఇది రెండో మంచి ప్రశ్న. తర్వాత రెండో గోల్ ఎవరివల్ల పడిందో తేల్చాలి. పక్క ఫ్లాట్ పిల్లాడు పెదవి చిట్లినా ఎలా పరిగెత్తాడో వర్ణించాలి. ఫ్లైఓవర్ ఎక్కేసరికి వాడు ‘నాన్నా, మసాలా దోసె తిందామా?’ అంటాడు. ఇక్కడ మెత్తబడిపోయే తండ్రులే ఎక్కువ. మీరు మాత్రం ‘దోసె గెలిచినవాళ్లకి’ అనండి. మిగతా దారంతా కారులో చక్కటి నిశ్శబ్దం. తర్వాతి ఆదివారం వాడు ఎంత శ్రద్ధగా ఆడతాడంటే, బంతి ముట్టుకునే ముందు మూడుసార్లు ఆలోచిస్తాడు.

పెనాల్టీ మీవాడికి వచ్చిందా? ‘త్వరగా కొట్టెయ్’ అని కేక వేయండి. గెయిర్ యోర్డెట్ అనే నార్వే పరిశోధకుడు పెద్ద టోర్నమెంట్ల పెనాల్టీలన్నీ ముందేసుకుని చూశాడు. ఈల మోగగానే తొందరపడి కొట్టినవాళ్లే ఎక్కువగా పోగొట్టారని, ఒక ఊపిరి తీసుకుని నిలబడినవాళ్లు నయమని చెప్పాడు. ఊపిరి తీసుకోనిస్తే పిల్లాడు మనల్ని మరిచిపోయే ప్రమాదం ఉంది. పోగొడితే మాత్రం రాబర్టో బాజియో పేరు వాడుకోవాలి. 1994 ప్రపంచకప్ ఫైనల్లో బంతిని గోల్ మీంచి ఆకాశంలోకి కొట్టిన మహానుభావుడు. ఒక్క తన్నుతో దేశం ఓడిపోయింది చూడు అని చెప్పండి. ఆ ఫైనల్ దాకా ఇటలీని మోసుకొచ్చింది ఆయన కొట్టిన అయిదు గోల్సేననీ, ఆ షూటౌట్‌లో ఆయనకంటే ముందు బరేసీ, మస్సారో కూడా పోగొట్టారనీ చెప్పక్కర్లేదు. 1996 యూరో సెమీఫైనల్లో పెనాల్టీ పోగొట్టిన గారెత్ సౌత్‌గేట్ కథ కూడా అక్కడితో ఆపేయండి. 2018లో అతనే కోచ్‌గా ఉండగా ఇంగ్లండ్ తన మొట్టమొదటి ప్రపంచకప్ షూటౌట్ గెలిచిందన్నది కథని పాడుచేసే ముక్క.

మెస్సీని కూడా ఇలాగే కత్తిరించుకోవాలి. అయిదేళ్ల మెస్సీ అందరినీ దాటుకుంటూ పోయే వీడియో చూపించి, ‘నీకు తొమ్మిదేళ్లు’ అని మాత్రం అనండి. ఎదుగుదల హార్మోన్ లోపంతో ఇంజెక్షన్లు చేయించుకున్న సంగతి, 2016 కోపా అమెరికా ఫైనల్లో పెనాల్టీ పోగొట్టి ఇక దేశానికి ఆడనని చెప్పేసిన సంగతి, మళ్లీ వచ్చి 2022లో కప్పెత్తిన సంగతి వదిలేయండి. బక్కగా ఉన్నాడని హైదుక్ స్ప్లిట్ క్లబ్ వద్దన్న లూకా మోద్రిచ్, పదహారేళ్లకే పొట్టివాడని షెఫీల్డ్ వెన్స్‌డే పంపించేసిన జేమీ వార్డీ, వీళ్ల పేర్లు ఇంట్లో పలకొద్దు. ట్రయల్స్‌లో పేరు రాని రోజు పిల్లాడు ‘అయితే ఏమైంది?’ అనేస్తాడు.

ట్రయల్స్ గురించి ఒక మాట. వయసు గ్రూపు జనవరి 1తో లెక్కపెడితే, అదే ఏడాది జనవరిలో పుట్టినవాడికి డిసెంబరులో పుట్టినవాడికంటే పదకొండు నెలల కండ ఎక్కువ. సెలెక్టర్లు ఆ కండనే ప్రతిభ అనుకుంటారని, అందుకే అకాడమీల్లో ఏడాది మొదట్లో పుట్టినవాళ్లు ఎక్కువగా కనిపిస్తారని పరిశోధనలు చెబుతున్నాయి. డిసెంబరు పిల్లాడికి ‘నువ్వు ఇంకా ఎదుగుతున్నావురా’ అని చెబితే వాడు ఓపిక పడతాడు, కాబట్టి అలా చెప్పకుండా ‘నీలో దమ్ము లేదు’ అనండి. బడిలో వేసేటప్పుడు పుట్టినతేదీ జరిపించే అలవాటు మనకి ఎలాగూ ఉంది. కాకపోతే ఈ మధ్య మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూస్తున్నారు. ఎముకలకి లౌక్యం తెలియదు.

ఎముకలంటే, పదకొండు పన్నెండేళ్ల పిల్లలు మోకాలి చిప్ప కింద నొప్పంటారు, మడమ నొప్పంటారు. ఎదిగే వయసులో ఎముక పెరిగే చోట లాగుడు ఎక్కువైతే ఇలా వస్తుందని, కొన్నాళ్లు ఆట తగ్గించమని డాక్టర్లు అంటారు. పొద్దున ఒక అకాడమీ, సాయంత్రం ఇంకో అకాడమీ, మధ్యలో పర్సనల్ ట్రైనర్‌కి డబ్బు కట్టినవాళ్లకి ఈ మాట ఎలా రుచిస్తుంది? నెల ఫీజు వెనక్కి ఇవ్వరు కదా.

ఆడపిల్లలకి వేరే చిట్కాలు రాయలేదు. నల్లబడతావు అన్న ఒక్క మాటకి ఉన్న శక్తి ఈ వ్యాసం మొత్తానికి లేదు. దాన్ని మేనత్త చేత అనిపిస్తే ఇంకా మంచిది. నిజామాబాద్ జిల్లా నుంచి గుగులోత్ సౌమ్య భారత జట్టుకి ఆడిందని, క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్ క్లబ్‌లో చేరిందని అమ్మాయి ఎక్కడైనా చదివితే మాత్రం నా దగ్గర విరుగుడు లేదు.

ఈ పద్ధతులన్నీ మా పెద్దవాడి మీద పరీక్షించినవే. ఇప్పుడు వాడు ఐఐటీ ఫౌండేషన్‌లో ఉన్నాడు. పార్కింగ్‌లో చిన్నపిల్లల బంతి దొర్లుకుంటూ కాళ్ల దగ్గరికి వచ్చినా తన్నడు, పక్కకి తప్పుకుంటాడు. అంత నిగ్రహం.

మీవాడు కూడా ఏదో ఒక ఆదివారం లేవనంటాడు. బూట్లు ఇరుకయ్యాయంటాడు, కోచ్ మంచివాడు కాదంటాడు, చివరికి ఆటే వద్దంటాడు. కంగారు పడకండి. ‘ఇంత ఖర్చు పెట్టాక ఇప్పుడా?’ అని ఒకసారి అడిగి, బూట్లు ఓఎల్ఎక్స్‌లో పెట్టేయండి. పెద్దగా అరిగి ఉండవు, మంచి ధరే వస్తుంది. ఆ డబ్బుతో బ్యాడ్మింటన్ అకాడమీలో చేర్పించండి. ఈ చిట్కాలన్నీ అక్కడా పనికొస్తాయి, బంతి అన్న చోట కాక్ అని చదువుకుంటే చాలు. ఇండోర్ హాలు కాబట్టి మీ గొంతు ఇంకా బాగా వినబడుతుంది.